హైస్కూలు, ఇంటర్ పిల్లలకు ఆదివారం వేరే ఆరాధన పెట్టాలా, వద్దా?

గుంటూరు_యూత్‌లీడర్:
అందరికీ వందనాలు. మా సంఘ కమిటీ ఒక విషయం మీద రెండుగా చీలింది. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలు మాకు ముప్పై నలభై మంది ఉంటారు. ఆదివారం పెద్దల ఆరాధన జరుగుతున్నప్పుడే వాళ్లను పక్క హాలుకి తీసుకెళ్లి, వాళ్ల పాటలు, వాళ్లకర్థమయ్యే వాక్యం పెట్టాలని ప్రతిపాదన. నడపాల్సింది నేనే. అయినా నేను వద్దంటున్నాను.

బైబిల్లో నెహెమ్యా 8లో ఎజ్రా ధర్మశాస్త్రం చదివినప్పుడు పురుషులు, స్త్రీలు, విని గ్రహించగలిగిన వాళ్లంతా ఒకేచోట నిలబడ్డారు. ఐగుప్తు నుంచి విడుదలను గుర్తుచేసే పస్కా పండుగ దగ్గర పిల్లలు 'ఇదేమిటి' అని అడుగుతారని, జవాబు చెప్పాలని నిర్గమకాండం 12లో ఉంది. పక్క హాల్లో ఉన్నవాడు దేన్ని చూసి అడుగుతాడు? ఒక పెద్దమనిషి నిలబడి సాక్ష్యం చెప్తూ ఏడవడం, పోయినవారం పోట్లాడుకున్న ఇద్దరు రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గర పక్కపక్కన మోకరించడం, ఇవన్నీ వాడు చూడాలి. ఇంకో మాట. పక్క హాల్లో వాళ్లకు దగ్గరయ్యేది నేనొక్కడినే. రేపు నాకు బదిలీ అయితే?

ఉప్పల్_బ్రదర్:
బ్రదర్, మీరు చెప్పింది వినడానికి బాగుంది. ఒక్క ఆదివారం మీ యూత్ పక్కన, వెనక బెంచీలో కూర్చొని చూడండి. రెండున్నర గంటల ఆరాధన, అందులో ప్రసంగమే గంట, తర్వాత ప్రకటనలు, ఫలానావారి పుట్టినరోజు కానుక. పిల్లల చేతిలో బైబిల్ యాప్ ఉంటుంది, వేలు పక్క యాప్ మీద ఉంటుంది. వాళ్లు ఎప్పుడో వేరైపోయారు, మీరు చూడలేదంతే.

మాకు వేరే హాలు ఉంది. అక్కడ ఏం అడుగుతారో చెప్తాను. 'ర్యాంకు రాలేదంటే దేవుడు నా ప్రార్థన విననట్టా?' 'మన ఇళ్లలో కూడా కులం చూసే పెళ్లి చేస్తారేంటి?' ఒక అబ్బాయి అడిగింది ఇంకా బరువైన ప్రశ్న: 'సర్టిఫికెట్‌లో మేం హిందూ ఎస్సీ. నేను బాప్తిస్మం తీసుకుంటే అబద్ధంతో సీటు తెచ్చుకున్నట్టా?' 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీ నుంచి క్రైస్తవులైనవాళ్లను బీసీ-సీలో పెట్టారు, అక్కడున్న రిజర్వేషన్ 1 శాతం. పదిహేడేళ్ల పిల్లాడికి ఇది వేదాంతం కాదు, కౌన్సెలింగ్‌లో సీటు. ఈ ప్రశ్న మీ పెద్దలందరి ముందు లేచి అడుగుతాడా? మా హాల్లో అడిగాడు. నాలుగు వారాలు అదే మాట్లాడుకున్నాం.

పాతబెంచీ_తాత:
ఇద్దరూ కొత్త గొడవ అనుకుంటున్నారు. కాదు. 1881లో అమెరికాలో, మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు కుర్రాళ్ల కోసమే క్రిస్టియన్ ఎండీవర్ అనే యువజన సంఘం మొదలుపెట్టాడు. మన దగ్గర 'సి.ఇ.' అనేవాళ్లం. దాని కిటుకు హాలులో లేదు. మీటింగుకి వచ్చిన ప్రతి ఒక్కరూ నోరు తెరిచి ఏదో ఒకటి చెయ్యాలి: వాక్యం చదవడమో, ప్రార్థించడమో. ఊరికే కూర్చొని వెళ్లడం కుదరదు. ఇప్పటి యూత్ మీటింగుల్లో కీబోర్డు దగ్గర ఇద్దరు, మైకు దగ్గర ఒకరు. మిగతావాళ్లు చప్పట్లు.

నేను లూథరన్‌ని. కన్ఫర్మేషన్‌కి, అంటే నా విశ్వాసాన్ని సంఘం ముందు నేనే ఒప్పుకొనే ఆరాధనకి ముందు, 'చిన్న ప్రశ్నోత్తరి' అనే విశ్వాస పాఠాల పుస్తకమంతా కంఠతా పట్టించారు. లూథర్ 1529లో ఆ పుస్తకాన్ని ఇంటి పెద్ద ఇంట్లోవాళ్లకు నేర్పడానికని రాశాడు. ఇళ్లవాళ్లు బడికి తోశారు, బడి పాస్టరుకి తోసింది, పాస్టరు ఇప్పుడు యూత్ లీడరుకి తోస్తున్నాడు. తిమోతికి విశ్వాసం అవ్వ లోయి దగ్గర, తల్లి యునీకే దగ్గర మొదలైంది. తర్వాత అపొస్తలుడైన పౌలు వెంట తిరిగాడు. అతను ఏ హాల్లో కూర్చున్నాడో బైబిల్లో లేదు.

ఉప్పల్_బ్రదర్:
తాతగారూ, అవ్వ విశ్వాసి అయితే సరే. మా హాలుకొచ్చే పిల్లల్లో కొందరి ఇళ్లలో యేసు పేరే ఎత్తరు. వాళ్లకు ఇల్లు కూడా మేమే.

డాలస్_నాన్న:
మా అనుభవం కూడా వినండి. మా తెలుగు సంఘంలో పెద్దలకు తెలుగు ఆరాధన, పిల్లలకు పక్క గదిలో ఇంగ్లీషు మీటింగ్. పాస్టరుగారి గ్రాంథికం మా పిల్లలకు తలకెక్కదు కాబట్టి తప్పలేదు. పదేళ్లు చక్కగా నడిచింది. కాలేజీకి వెళ్లాక సెలవులకు ఇంటికొస్తే మా సంఘానికి రారు, ఊళ్లో ఉన్న అమెరికన్ చర్చికి వెళ్తారు. విశ్వాసం ఉంది, సంతోషమే. కానీ మా సంఘంలో వాళ్లకు పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కరూ లేరు. ఉంటే ఎందుకు రారు?

సండేస్కూల్_టీచర్:
మీరంతా మగవాళ్లే మాట్లాడుతున్నారు గనుక ఇది నేను చెప్పాలి. వేరే హాలైనా, ఒక్కొక్కరితో విడిగా కూర్చున్నా, ముందు కట్టుబాట్లు పెట్టుకోండి. ఆడపిల్లలకు ఆడవాళ్లే. మాట్లాడే గది తలుపు తెరిచి ఉండాలి. రాత్రి తొమ్మిది తర్వాత యూత్ లీడరు నుంచి అమ్మాయికి వాట్సాప్ వెళ్లకూడదు, 'గుడ్ నైట్, గాడ్ బ్లెస్ యూ' అయినా సరే. రిట్రీట్‌కి తల్లుల్లో కనీసం ఇద్దరు రావాలి. ఇదంతా అనుమానమని కొందరు అన్నలు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి.

పద్దెనిమిది నిండనివాళ్లంతా 2012 నాటి పోక్సో చట్టం కింద పిల్లలే. లైంగికంగా ఏదైనా జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే అదే నేరం, జైలు కూడా ఉంది. 'సంఘం పరువు, కమిటీలో సర్దుకుందాం' అనే మాటకు అక్కడ చోటు లేదు. మీ ప్రతిపాదన కాగితంలో ఈ పేరా ఉందా? లేకపోతే ఏ హాలైనా నా ఓటు లేదు.

గుంటూరు_యూత్‌లీడర్:
టీచరుగారూ, లేదు. చేరుస్తాను.

ఇంటర్_ఎంపీసీ:
పెద్దలందరికీ ప్రైజ్ ది లార్డ్. నేను సెకండియర్, హాస్టల్లో ఉంటాను. సెలవుల్లో ఇంటికొచ్చాను, అందుకే ఫోన్ దొరికింది. మీరు ఏ హాలా అని వాదించుకుంటున్నారు గానీ మాకు ఆదివారం పొద్దున టెస్టు ఉంటుంది. ఔటింగ్ ఇచ్చేది నెలకోసారి. అందుకని మా బ్యాచ్‌లో సగం మందికి రెండేళ్లు చర్చే లేదు. టెన్త్ దాకా కొయిర్‌లో పాడినవాళ్లే, ఇంటర్ అయ్యాక కొత్తవాళ్లలా వెనక నిలబడతారు.

మా సంఘంలో రిటైరైన కండక్టరు తాతయ్య ఒకాయన ఉన్నారు. పెద్దగా చదువుకోలేదు, ప్రసంగం చెయ్యరు. ఔటింగ్ రోజు మా నాన్నతో పాటు హాస్టల్‌కి వస్తారు. టిఫిన్ తినిపిస్తారు. లూకా సువార్తలో ఒక అధ్యాయం ఇద్దరం చదివి ఉంచుకుంటాం, దాని మీద మాట్లాడుకుంటాం. నాకు తెలియనిది ఆయనకూ తెలియకపోతే 'పాస్టరయ్యగారిని అడిగి వస్తా' అంటారు, నిజంగానే అడిగి వస్తారు. ఒక్కసారి కూడా మార్కులు అడగలేదు. ఇంతకుమించి నాకు తెలీదు.

ఉప్పల్_బ్రదర్:
తమ్ముడూ, అలాంటి తాతయ్యలు సంఘానికి ఎంతమంది దొరుకుతారు? మా దగ్గర పెద్దలకు పిల్లలతో మాటే రాదు. కనపడితే 'ఎంత పర్సెంటేజీ?' లేకపోతే 'ఏంట్రా ఆ జుట్టు?'. వాళ్లను నమ్ముకుంటే అయ్యేది కాదు. అందుకే హాలు పెట్టాం.

పాతబెంచీ_తాత:
మాట రాకపోతే నేర్పండి. పిల్లలకు గిటారు నేర్పడానికి మాస్టర్ని పెడతారు కదా.

గుంటూరు_యూత్‌లీడర్:
సరే, కమిటీ ముందు పెట్టబోయేది ఇది. ఆదివారం అందరూ కలిసే ఆరాధన. ఆరాధనలో బైబిల్ పాఠాలు చదవడం, కానుక పట్టడం, సౌండ్ చూడడం వంతులవారీగా ఎనిమిదో తరగతి వాళ్లతో మొదలుపెట్టి అందరికీ. శనివారం సాయంత్రం గంటన్నర వాళ్ల మీటింగ్. ఉప్పల్ బ్రదర్ చెప్పిన ప్రశ్నలు అక్కడ ఎలాంటి మొహమాటం లేకుండా అడగొచ్చు. హాస్టల్ పిల్లలకు ఒక్కొక్కరికి ఒక పెద్దమనిషి, తల్లిదండ్రుల ఒప్పుదలతోనే, టీచరుగారి కట్టుబాట్లకు లోబడి. ప్రసంగం నలభై నిమిషాలకు కుదించమని పాస్టరుగారిని అడగడం ఒక్కటే కష్టం. అది ఎవరు అడుగుతారో ఇంకా తేలలేదు.

ఉప్పల్_బ్రదర్:
శనివారం సాయంత్రం ట్యూషన్లు బ్రదర్. మొదటి నెల ఇరవై మంది వస్తారు, ఫిబ్రవరికి ఆరుగురు మిగులుతారు. ఆదివారం అయితే అమ్మానాన్నలు ఎలాగూ తీసుకొస్తారు, ఆ టైమే మనకు దొరికే టైము. నేనైతే పాటలు, ప్రార్థన అయ్యేదాకా పెద్దలతోనే ఉంచి, ప్రసంగం టైముకి మాత్రం పక్క హాలుకి తీసుకెళ్తాను. బల్ల ఉన్న ఆదివారం అసలు కదిలించను. మీ కమిటీలో ఇది కూడా చెప్పి చూడండి.

సండేస్కూల్_టీచర్:
ఈ పద్ధతికి నాకు పెద్ద అభ్యంతరం లేదు. కానీ హాస్టల్లో ఉన్న ఆడపిల్లల దగ్గరికి నెలనెలా వెళ్లగలిగే ఆడవాళ్లు మీ సంఘంలో ఎంతమంది ఉన్నారో ముందు లెక్క చూసుకోండి. మా దగ్గర అడిగితే ముగ్గురు చేతులెత్తారు. ముగ్గురూ ఉద్యోగస్తులే, ఆదివారం మధ్యాహ్నమే ఖాళీ. ఆ హాస్టల్లో ఔటింగ్ పొద్దున.