మెటామాస్క్‌లో డిస్‌కనెక్ట్ కొట్టాను, అది చాలదా?

మల్లెతీగ:
టెలిగ్రామ్‌లో వచ్చిన ఎయిర్‌డ్రాప్ (ఉచిత టోకెన్ల) లింకుకి నా క్రిప్టో వాలెట్ మెటామాస్క్ కనెక్ట్ చేసి, పాపప్‌లో కన్ఫర్మ్ నొక్కాను. అనుమానమొచ్చి వెంటనే డిస్‌కనెక్ట్ చేశా. సీడ్ ఫ్రేజ్ (వాలెట్ రహస్య పదాలు) ఎక్కడా ఇవ్వలేదు. ఈథీరియం నెట్‌వర్క్‌లో ఉన్న యూఎస్‌డీటీ (డాలర్ విలువ టోకెన్) ఇంకా అలాగే ఉంది. పాస్‌వర్డ్ మారిస్తే సరిపోతుందా?

తాళంకప్ప:
సరిపోదండీ. పాస్‌వర్డ్ మీ బ్రౌజర్‌లోని వాలెట్‌కి తాళం, అంతే. డిస్‌కనెక్ట్ చేస్తే ఆ సైటుకి మీ అడ్రస్ కనబడదు, అంతకుమించి ఏమీ జరగదు. మీరు నొక్కింది అప్రూవ్ అయితే, ఫలానా కాంట్రాక్టు (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రాం) మీ యూఎస్‌డీటీ తీసుకోవచ్చన్న అనుమతి చెయిన్ మీద రాసి ఉంటుంది. మీరు రద్దు చేసేదాకా అది పోదు. బ్యాలెన్స్ పెరిగేదాకా దొంగ ఆగొచ్చు కూడా.

ఈథీరియం లావాదేవీలు చూపించే ఈథర్‌స్కాన్ సైటులో టోకెన్ అప్రూవల్ చెకర్ తెరిచి మీ అడ్రస్ వేయండి. గూగుల్ ప్రకటనల్లోంచి వెళ్లకండి, నకిలీ సైట్లు ఉంటాయి. యూఎస్‌డీటీ వరుసలో స్పెండర్ (అనుమతి పొందినది) ఎవరు, మొత్తం ఎంత అని చూసి చెప్పండి.

మల్లెతీగ:
తెలియని స్పెండర్ ఒకటుంది, మొత్తం అన్‌లిమిటెడ్. రివోక్ (రద్దు) నొక్కితే గ్యాస్‌కి, అంటే లావాదేవీ రుసుముకి, చాలదంటోంది. ఈథర్ సున్నా.

తాళంకప్ప:
రివోక్ కూడా ఒక లావాదేవీయే, గ్యాస్ ఈథర్‌లోనే కట్టాలి. ఎక్స్ఛేంజీ నుంచి కొంచెం పంపించుకోండి. నెట్‌వర్క్ ఈథీరియం అనే ఎంచుకోండి. అప్రూవల్‌తో టోకెన్లే పోతాయి, ఈథర్ పోదు. పంపిన ఈథర్ క్షణాల్లో మాయమైతే మాత్రం సీడ్ లీకైనట్టే, వచ్చిందల్లా ఊడ్చేసే స్వీపర్ బాట్ కాచుకుని ఉంది. అప్పుడు రివోక్ దండగ. అదే సీడ్‌లో ఇంకో అకౌంట్ తెరిచినా లాభం లేదు, కొత్త సీడ్‌తో కొత్త వాలెట్ కావాలి.

నిద్రలేని_నోడ్:
ఒక చేర్పు. గ్యాస్ లేకుండానే కన్ఫర్మ్ పడిన పాపప్‌లు ఇంకేమైనా ఉన్నాయా? అవి ఒట్టి సంతకాలు. పర్మిట్ (సంతకంతోనే ఇచ్చే అప్రూవల్) అయితే దొంగ వాడుకునేదాకా చెకర్‌లో కనబడదు. ఈథీరియం యూఎస్‌డీటీకి సొంతంగా పర్మిట్ లేదు గానీ, అలాంటి ఇంకో డాలర్ టోకెన్ యూఎస్‌డీసీకి ఉంది. మీరు టోకెన్లు మార్చుకునే యూనిస్వాప్‌లో పర్మిట్2 అనే కాంట్రాక్టుకి ఇదివరకే అప్రూవల్ ఇచ్చి ఉంటే, సంతకంతో యూఎస్‌డీటీ కూడా లాగొచ్చు. అలాంటి సందేహమే ఉంటే డబ్బు వేరే వాలెట్‌కి మార్చేయడమే మేలు.

మార్చేటప్పుడు అడ్రస్‌ని పాత లావాదేవీల్లోంచి కాపీ చేయకండి. మొదటి 4, చివరి 4 అక్షరాలు మీ అడ్రస్‌లాగే ఉండే నకిలీ అడ్రస్‌ని దొంగలు తయారుచేసి, దాన్నుంచి సున్నా విలువ ట్రాన్స్‌ఫర్ మీ హిస్టరీలోకి తోస్తారు. మధ్య అక్షరాలు కూడా పోల్చండి.

తాళంకప్ప:
ఈ ప్రశ్న చూసి "రికవర్ చేస్తాం" అంటూ ఇన్‌బాక్స్‌లోకి వస్తారు. తలుపు తీయకండి. డబ్బు నిజంగా పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, లావాదేవీ హ్యాష్ (దాని గుర్తింపు కోడ్) దగ్గర పెట్టుకోండి.

మల్లెతీగ:
గ్యాస్ వచ్చింది, రివోక్ అయింది. స్పెండర్ జాబితాలో లేదు.

నిద్రలేని_నోడ్:
అప్రూవల్స్ చెయిన్‌కి చెయిన్ వేరు. పాలిగాన్, బీఎన్‌బీ చెయిన్‌లలో కూడా అదే అడ్రస్ వాడుతుంటే, వాటి ఎక్స్‌ప్లోరర్లలోనూ (ఈథర్‌స్కాన్ లాంటి సైట్లు) ఇవాళే చూసుకోండి.