స్విఫ్ట్‌కి 165 తీసేసి 185 టైర్లు వేయించొచ్చా?

విజయనగరం_విఎక్స్ఐ:
నాది 2015 స్విఫ్ట్ విఎక్స్ఐ, పెట్రోలు. కంపెనీ సైజు 165/80 ఆర్14. నాలుగు టైర్లూ గుండయిపోయే దశకి వచ్చాయి. ఉద్యోగం శ్రీకాకుళంలో, రోజూ కారులోనే వెళ్లొస్తాను. సెలవులొస్తే పిల్లల్ని తీసుకుని ఎస్.కోట మీదుగా అరకు వెళ్తుంటాం. షాపులో అడిగితే "185/70 ఆర్14 వేయించుకోండి సార్, రిమ్ మార్చక్కర్లేదు, రోడ్డుని బాగా పట్టుకుంటుంది" అన్నారు. మా మావగారు మాత్రం ససేమిరా వద్దంటున్నారు. కంపెనీవాళ్లు ఊరికే 165 ఇవ్వరు కదా అని ఆయన వాదన. వాడినవాళ్లు చెప్పండి.

సాలూరు_ఘాట్:
కళ్లు మూసుకుని వేయించుకోండి అన్నా. నాదీ అదే కారు, 185/70 మీదే తిరుగుతున్నాను. సుంకి ఘాట్‌లో లారీల వెనక దిగుతుంటే పాత టైర్లతో ప్రతి మలుపులోనూ కారు పక్కకి ఒరిగినట్టు ఉండేది, వెనక సీట్లో అమ్మకి కడుపులో తిప్పేది. ఇప్పుడు ఆ ఊగుడు బాగా తగ్గింది. బ్రేకు కొడితే నమ్మకంగా ఆగుతోంది. మైలేజీ కొంచెం తగ్గిన మాట నిజమే. పిల్లల్ని ఎక్కించుకుని ఘాట్ ఎక్కేవాడు ఆ కాస్త పెట్రోలుకి వెనకాడకూడదని నా అభిప్రాయం.

బొబ్బిలి_మాస్టారు:
తమ్ముడూ, ముందు లెక్క చూడండి. 165/80 అంటే వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, అంటే 132. పైనా కిందా రెండు గోడలు, మధ్యలో 14 ఇంచుల రిమ్ 355.6. మొత్తం చక్రం ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు. ఇదే పద్ధతిలో 185/70 ఆర్14కి 615 వస్తుంది. తేడా ఒక శాతం కూడా లేదు కాబట్టి స్పీడోమీటరుకి, గేర్లకి ఇబ్బంది లేదు. అంతవరకు షాపాయన చెప్పింది సరైనదే.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇంకోచోట. 185 దొరక్కపోతే కొందరు "మధ్యలో 175/70 ఉంది, అదీ కొంచెం వెడల్పే" అని అంటగడతారు. దాని ఎత్తు 601 మాత్రమే. వెడల్పు పెరిగినా కారు దాదాపు ఒక సెంటీమీటరు కిందికి దిగుతుంది. మన పల్లెల స్పీడ్ బ్రేకర్ల మీద ఆ సెంటీమీటరు విలువ ఏమిటో నలుగురిని ఎక్కించుకున్నవాడికి తెలుస్తుంది. పైగా మీటరు 80 చూపిస్తుంటే అసలు వేగం 77, 78 దగ్గరే ఉంటుంది. 175 కావాలంటే 175/75 అడగాలి, అది 618 వస్తుంది. మొదటి అంకె ఒక్కటే చూసి టైరు కొనకండి.

ఇక పట్టు సంగతి. కారు బరువుని మోసేది టైరులోని గాలి. గాలి అంతే ఉంటే నేలని తాకే వైశాల్యం పెద్దగా మారదు. ఆకారం మారుతుందంతే: అడ్డంగా పెరుగుతుంది, నిలువుగా తగ్గుతుంది. మలుపుల్లో దానివల్ల కొంత లాభం ఉంది, కాదనను. కానీ సాలూరు తమ్ముడు చెప్పిన మార్పులో సగం కొత్త రబ్బరు చలవే. అరిగి, ఎండి గట్టిపడిన 165 తీసేసి కొత్త 165 వేయించినా బ్రేకు బాగానే పట్టేది.

సాలూరు_ఘాట్:
మాస్టారూ, బ్రేకు విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఊగుడు విషయంలో మాత్రం కాదు. కొత్త 165 టైర్లున్న స్విఫ్ట్ కూడా అదే ఘాట్‌లో నడిపాను. మెత్తగా వెళ్తుంది గానీ మలుపు తిప్పాక కారు ఒక క్షణం ఆలస్యంగా వింటుంది. 80 గోడ కదా, వంగుతుంది.

టెక్కలి_హైవే:
అందరూ ఘాట్ గురించే మాట్లాడుతున్నారు. ఆయన రోజూ తిరిగేది విజయనగరం – శ్రీకాకుళం. ఆ దారిలో భయపడాల్సింది వానకి. అక్టోబరు, నవంబరు వాయుగుండాల్లో పదహారో నంబరు హైవే మీద కొన్నిచోట్ల నీరు పలకలా నిలిచిపోతుంది. టైరు వెడల్పయ్యేకొద్దీ పక్కకి నెట్టాల్సిన నీరు పెరుగుతుంది. గాడులు లోతుగా లేకపోతే టైరు నీటి మీద తేలుతుంది, స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది, బ్రేకు తొక్కినా ఫలితం ఉండదు. సన్న టైరు ఆ నీటిని కోసుకుంటూ పోతుంది. 185 వేయించుకున్నవాళ్లు చట్టం ఒప్పుకునే 1.6 మిల్లీమీటర్ల దాకా అరగదీయకుండా 3 దగ్గరే మార్చేయాలి. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

కోతల రోజుల్లో ఇంకో బాధ. పెసర, ఉలవ కట్టెలు రోడ్డు మీద పరిచేస్తారు, బళ్లు తొక్కుతాయి కదా అని. దాని మీద 165 అయినా జారుతుంది, 185 అయినా జారుతుంది. అక్కడ నెమ్మదించడం తప్ప ఏ టైరూ కాపాడదు.

రాజాం_టైర్_షాపు:
ఈ పనే మాది కాబట్టి చెప్తున్నా. విఎక్స్ఐ ఇనప రిమ్ మీద 14, 5జె అని ముద్ర ఉంటుంది, అంటే 14 ఇంచుల రిమ్, 5 ఇంచుల వెడల్పు, చూసుకోండి. 5జె రిమ్ మీద 185/70 కూర్చుంటుంది. కానీ దానికి సొంపుగా ఉండేది 5.5. సన్న రిమ్ మీద టైరు అంచులు దగ్గరకి లాగి ఉంటాయి, గోడ పొట్టలా బయటికి వస్తుంది. అందుకే వెడల్పు టైరు ఇవ్వాల్సిన స్థిరత్వం మొత్తం రాదు, కొంతే వస్తుంది.

బిగించాక షాపు వదిలే ముందే స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి ఫుల్ కట్ కొట్టి, ముందు చక్రం వెనక చెయ్యి పెట్టి చూడండి. చక్రం చుట్టూ లోపల ఉండే ప్లాస్టిక్ లైనరుకీ టైరుకీ మధ్య వేళ్లు దూరాలి. తర్వాత నలుగురిని ఎక్కించి గతుకుల్లో తిప్పి మళ్లీ చూడాలి, ఎందుకంటే ఖాళీ కారులో తగలనిది బరువు పడ్డాక తగులుతుంది. లైనరు మీద నల్లగా నిగనిగలాడే గీత కనబడిందంటే రాసుకుంటున్నట్టే. అలాంటి కారుకి నేనైతే 185 ఉంచను.

గాలి డోరు పక్క స్టిక్కర్ మీద ఉన్నంతే పెట్టండి. వెడల్పు టైరు కదా అని తక్కువ పెడితే అంచులు అరుగుతాయి, మైలేజీ ఇంకా పడిపోతుంది.

విజయనగరం_విఎక్స్ఐ:
అందరికీ ధన్యవాదాలు. ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెడతారా? స్విఫ్ట్‌లోనే పై మోడల్ జడ్‌ఎక్స్ఐకి కంపెనీయే 185 ఇస్తోంది కదా?

టెక్కలి_హైవే:
జడ్‌ఎక్స్ఐది 185/65, అదీ 15 ఇంచుల రిమ్ మీద. మీది ఆ సైజు కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ చెప్పిన వివరాలకి తేడా వచ్చే మార్పులు చేయొద్దంటుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. టైరు దగ్గర ఎవరైనా అంతదూరం వెళ్తారా లేదా అని ఊహించుకునే బదులు పాలసీ ఇచ్చినవాళ్లకి మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ప్రమాదం జరిగాక వాదించడం కష్టం.

బొబ్బిలి_మాస్టారు:
నా ఓటు మీ మావగారికే తమ్ముడూ. మీ తిరుగుడులో ఎక్కువ భాగం తిన్నని రోడ్డు, వాన, గతుకులు. 185కి పెట్టే అదనపు డబ్బుతో అదే 165/80లో తడి రోడ్డు మీద మంచి పేరున్న రకం తీసుకోండి. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు చూడండి: 2325 అంటే 2025లో 23వ వారం తయారైందని. రెండేళ్లు గోదాములో మగ్గిన సరుకు తగ్గింపు ధరకి ఇచ్చినా వద్దు. వారానికోసారి ఘాట్ ఎక్కేవాడివైతే నేనే 185 వేయించుకోమనేవాణ్ణి.

సాలూరు_ఘాట్:
నేనైతే ఇప్పటికీ 185 అనే అంటాను. బరువు మోసే శక్తి కూడా ఎక్కువ: 165 మీద సైజు పక్కన బరువు అంకె 85 అని ఉంటే ఒక్కో టైరు 515 కిలోలు, 185 మీద 88 అంటే 560. నిండా మనుషులతో, సామానుతో కొండెక్కేవాళ్లకి అది చిన్న విషయం కాదు.

విజయనగరం_విఎక్స్ఐ:
ఆఖరి ప్రశ్న. ఒకవేళ 185 వేయిస్తే స్టెప్నీ పాత 165 ఉంచేయొచ్చా?

రాజాం_టైర్_షాపు:
పంక్చరు షాపు దాకా నెమ్మదిగా వెళ్లడానికైతే పర్వాలేదు, ఎత్తు దగ్గరగానే ఉంది. ముందు చక్రం పంక్చరైతే మాత్రం వెనక 185 ఒకటి తీసి ముందుకి వేసి, స్టెప్నీ వెనక బిగించండి. లాగేదీ తిరిగేదీ ముందు చక్రాలే, ఆ రెండూ ఒకే సైజు ఉండాలి. వానలో అయినా సరే, ఆ పది నిమిషాలు ఓపిక పట్టి మార్చండి.