వరంగల్ రోడ్ల మీద ఆడి టీటీ: 17, 18, 19 అంగుళాలలో ఏ చక్రాలు తీసుకోవాలి?

ప్రశ్న – హన్మకొండ నుంచి

అందరికీ నమస్కారం. పోయిన దసరాకు 2013 నాటి ఆడి టీటీ క్వాట్రో (నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే రకం), 2.0 టీఎఫ్‌ఎస్‌ఐ పెట్రోలు కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దానికి ఉన్నవి కంపెనీ ఇచ్చిన 18 అంగుళాల అలాయ్ రిమ్ములు, 9జె వెడల్పు (అంటే 9 అంగుళాలు), ఈటీ 52 (రిమ్ము నడిమి గీత నుంచి కారుకు ఆనే ముఖం వరకు మి.మీ.లలో దూరం; ఇది తగ్గితే చక్రం బయటికి వస్తుంది). వాటి మీద 245/40 ఆర్18 టైర్లు (245 మి.మీ. వెడల్పు, అందులో 40 శాతం పక్కభాగం ఎత్తు, 18 అంగుళాల రిమ్ము). పోయిన నెల భూపాలపల్లి వెళ్లి పరకాల మీదుగా తిరిగి వస్తున్నప్పుడు, బొగ్గు లారీలు తొక్కి లోతు చేసిన ఒక గుంతలో ముందు ఎడమ చక్రం పడింది. టైరు పక్కభాగం ఉబ్బింది. రిమ్ము విప్పించి చూస్తే లోపలి అంచున రెండు వేళ్లంత పొడవు పగులు ఉంది. వెల్డింగ్ చేసి ఇస్తామని ఒక షాపువారు అన్నారు గానీ నాకు మనసు ఒప్పలేదు.

ఎలాగూ కొనాలి కాబట్టి నాలుగూ మార్చేద్దామనుకుంటున్నాను. మరొకచోట 19 అంగుళాల సెట్టు చూపించారు: 8.5జె, ఈటీ 35, బోల్టుల కొలత 5×112 (112 మి.మీ. వృత్తం మీద ఐదు బోల్టులు), నడిమి రంధ్రం 66.6 మి.మీ. చాలా అందంగా ఉన్నాయి, ధర కూడా అందుబాటులోనే ఉంది. అయితే నడుము నొప్పి ఉన్న మా నాన్నగారిని నెలకు రెండుసార్లు హైదరాబాద్ ఆసుపత్రికి ఇదే కారులో తీసుకెళ్తాను. 19కి వెళ్లాలా, 18లోనే ఉండాలా, 17కి దిగాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు – కరీంనగర్ నుంచి

నమస్తే అన్నా. ముందుగా కొలతలు చూద్దాం, ఎందుకంటే కంటికి నచ్చినదాన్ని పక్కన పెట్టడానికి అంకెలే సాయం చేస్తాయి. ఈ తరం టీటీకి కంపెనీ ఆమోదించిన కొలతల్లో 245/45 ఆర్17, 245/40 ఆర్18, 255/35 ఆర్19 ఉన్నాయి. టైరు మొత్తం వ్యాసం మొదటిదానికి సుమారు 652 మి.మీ., రెండోదానికి 653, మూడోదానికి 661. అంటే 17కు, 18కు మధ్య స్పీడోమీటర్ రీడింగులో తేడా దాదాపు లేనట్టే. 19లో మాత్రం ఒక శాతానికి కొంచెం పైన మారుతుంది. అసలు తేడా టైరు పక్కభాగం ఎత్తులో ఉంది: 17లో 110 మి.మీ., 18లో 98, 19లో 89. గుంతలో పడిన దెబ్బను రిమ్ముకు తగలకుండా ఆపేది ఆ రబ్బరూ అందులోని గాలీ మాత్రమే కాబట్టి, 17కూ 19కీ మధ్య ఉన్న ఆ 21 మి.మీ. మన దగ్గర చాలా విలువైనవి.

మా వైపు గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల సంగతి మీకు తెలిసిందే. పైపొర కుంగి, అంచులు కత్తిలా నిలిచిన గుంతలు ఉంటాయి. నేను వేరే కారులో 19 అంగుళాల చక్రాలతో ఏడాదిన్నర తిరిగి, రెండు రిమ్ములు పాడుచేసుకుని, చివరికి 17కి వచ్చాను. స్టీరింగ్ తిప్పగానే కారు స్పందించే చురుకుదనం కొంచెం తగ్గిన మాట నిజమే, కానీ హుజూరాబాద్ మీదుగా వరంగల్ వచ్చేటప్పుడు భుజాలు బిగబట్టుకుని కూర్చోవలసిన అవసరం పోయింది. మీ కారుకు ముందు బ్రేకు డిస్కు 312 మి.మీ. కాబట్టి 17 అంగుళాల రిమ్ము లోపల ఇబ్బంది లేకుండా పడుతుంది. నాన్నగారి నడుము గురించి మీరే రాశారు. నా ఓటు 8.5జె, ఈటీ 50 ఉన్న కంపెనీ 17 అంగుళాల రిమ్ములకే.

జవాబు – కాజీపేట నుంచి, అలైన్‌మెంట్ పని చేస్తాను

పైన అన్న చెప్పిన కొలతలు సరైనవే. నేను బిగింపు గురించి చెబుతాను సార్, ఎక్కువమంది మోసపోయేది అక్కడే.

మీకు చూపించిన సెట్టు నడిమి రంధ్రం 66.6 మి.మీ. అంటే అది మెర్సిడెస్ కొలత. మీ టీటీ హబ్ (చక్రం నడిమి రంధ్రం కూర్చునే భాగం) 57.1 మి.మీ. బోల్టుల కొలత రెండింటికీ 5×112 కావడంతో చక్రం ఎక్కుతుంది, ఎక్కింది కదా అని షాపులో బిగించి పంపిస్తారు. నడుమ ఆ ఖాళీని నింపే సరైన రింగు లేకపోతే చక్రం హబ్ మీద కేంద్రంలో కూర్చోదు, వేగం పెరిగేకొద్దీ స్టీరింగ్ వణుకుతుంది, ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేసినా ఆ వణుకు పోదు. ఆడి కంపెనీ రిమ్ములకు బోల్టు తల కింద భాగం గుండ్రంగా ఉంటుంది. బయట దొరికే చాలా రిమ్ములకు శంకువు ఆకారం కావాలి. ఒకదాని బోల్టు మరొకదానిలో వాడితే కొద్దిపాటి అంచు మీదే పట్టు నిలుస్తుంది, తిరుగుతుండగా వదులవుతుంది. ఈ ఒక్క విషయంలో దయచేసి రాజీ పడకండి. బిగింపు 120 న్యూటన్ మీటర్ల దగ్గర టార్క్ రెంచితోనే జరగాలి; ఓ వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూసుకోవాలి.

ఇక ఈటీ. ఇప్పుడున్న 9జె, ఈటీ 52తో పోలిస్తే ఆ 8.5జె, ఈటీ 35 రిమ్ము బయటి అంచు దాదాపు 11 మి.మీ. బయటికి వస్తుంది. గుంతలు తగిలినప్పుడు స్టీరింగ్ చేతిలోంచి లాగుతుంది, బేరింగుల మీద భారం పెరుగుతుంది. కంపెనీ నిర్దేశించిన వివరాలను మార్చడం గురించి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉందని కూడా గుర్తుంచుకోండి.

మీది క్వాట్రో కాబట్టి ఇంకొక మాట. వెనుక చక్రాలకు శక్తిని పంపేది ఒక క్లచ్చు. నాలుగు టైర్లూ ఒకే వ్యాసంలో లేకపోతే అది అనవసరంగా పనిచేస్తూ వేడెక్కుతుంది. 8 మి.మీ. గాడి ఉన్న కొత్త టైరును, 3 మి.మీ.కి అరిగిన టైర్ల పక్కన పెడితే వ్యాసంలో 10 మి.మీ. తేడా వస్తుంది, అంటే ఒకటిన్నర శాతం. కాబట్టి ఉబ్బిన ఆ ఒక్క టైరునే మార్చి సరిపెట్టుకోవద్దు. పగిలిన రిమ్ముకు వెల్డింగ్ వద్దన్న మీ నిర్ణయం సరైనదే.

జవాబు – గోదావరిఖని నుంచి

17కి దిగమన్న సలహాను గౌరవిస్తూనే నేను కొంచెం విభేదిస్తాను. టీటీ లాంటి కారును కొనేదే అది మలుపులో నేలను పట్టుకుని తిరిగే తీరు కోసం. పరిమాణం కన్నా రిమ్ము తయారీ పద్ధతిని ముందు చూడండి. మామూలు పోత రిమ్ము గట్టి దెబ్బకు పగులుతుంది. పోత పోసిన తర్వాత అంచు భాగాన్ని వేడి మీద రోలర్లతో సాగదీసి చేసే ఫ్లో ఫార్మింగ్ రిమ్ములో అక్కడి లోహం గట్టిపడుతుంది, బరువూ తగ్గుతుంది. అల్యూమినియం దిమ్మెను ప్రెస్సు కింద నొక్కి చేసే ఫోర్జ్డ్ రిమ్ము అన్నింటికన్నా దృఢమైనది, సాధారణంగా పగలడానికి ముందు వంగుతుంది, కానీ ధర చాలా ఎక్కువ. స్ప్రింగుల కింద వేలాడే బరువు తగ్గితే చక్రం గుంతను త్వరగా దాటి మళ్లీ నేలను అందుకుంటుంది. అందుకే కొనే ముందు రిమ్మును కాటా మీద పెట్టించండి. ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ ఉన్న మీ వరంగల్‌లో కాటాలకు కొదవ లేదు. జపాన్ ప్రమాణమైన జేడబ్ల్యూఎల్ ముద్ర, మోయగల బరువు, తయారీ తేదీ రిమ్ము మీద లేకపోతే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

గాలి విషయంలో కూడా ఒక్క మాట. మా రామగుండం ఎండలకు టైరు పేలుతుందని భయపడి చాలామంది వేసవిలో గాలి తగ్గిస్తారు. గాలి తక్కువైతే పక్కభాగం ఎక్కువగా మడత పడుతూ టైరు ఇంకా వేడెక్కుతుంది, గుంతలో రిమ్ముకు దెబ్బ కూడా నేరుగా తగులుతుంది. కారు మీది స్టిక్కర్‌లో ఉన్న ప్రెషర్‌ను ఉదయాన్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూసి పెట్టండి.

ప్రశ్న అడిగినవారి జవాబు

ముగ్గురికీ మనఃపూర్వక ధన్యవాదాలు. ఈ ఉదయం షాపుకు వెళ్లి ఆ 19 అంగుళాల రిమ్మును తిప్పి చూశాను. వెనుకవైపు జేడబ్ల్యూఎల్ ముద్ర గానీ, మోయగల బరువు గానీ ఎక్కడా లేదు. రింగుల గురించి అడిగితే అవసరం లేదన్నారు. అక్కడితో ఆ ఆలోచన మానుకున్నాను.

గోదావరిఖని అన్న చెప్పిన ఫ్లో ఫార్మింగ్ 18 మీద మనసు ఉన్నా, నాన్నగారి కోసం 17కే వెళ్తున్నాను. 8.5జె, ఈటీ 50, 57.1 రంధ్రం ఉన్న కంపెనీ రిమ్ములు వాడినవి నాలుగు హైదరాబాద్‌లో ఉన్నాయట. ఆదివారం వెళ్లి ఒక్కొక్కటీ బ్యాలెన్సింగ్ యంత్రం మీద తిప్పించి, వంకర లేదని తేలితేనే తీసుకుంటాను. 245/45 టైర్లు నాలుగూ కొత్తవే వేయిస్తాను. కాజీపేట అన్నా, బిగింపు మీ చేతనే చేయించాలని ఉంది. సోమవారం మీరు షాపులో ఉంటారా?