లైట్‌హిల్ అంటే ఏఐని ముంచినాయనేనా? అసలు ఆయన పనేంటి?

అర_మార్కు:
ఏఐ చరిత్ర మీద ఏది చదివినా 1973 దగ్గరికి రాగానే జేమ్స్ లైట్‌హిల్ పేరు తగులుతోంది. బ్రిటన్‌లో ఏఐ పరిశోధనకి డబ్బులు ఆగిపోయింది ఈయన రిపోర్టు వల్లే అని ఒక ముక్క రాసేసి తర్వాతి పేరాలోకి వెళ్ళిపోతారు. ఎవరా అని చూస్తే అప్లైడ్ మ్యాథమెటీషియన్ అట. నేను చేస్తున్నది అప్లైడ్ మ్యాథ్స్‌లోనే ఎమ్మెస్సీ, ఈ పేరు మా సిలబస్‌లో చూసిన గుర్తే లేదు (ఉన్నా పరీక్షకి రాదని వదిలేశానేమో, చెప్పలేను). కంప్యూటర్ల మనిషి కానాయన్ని ఎందుకు అడిగారు? మిగతా జీవితమంతా ఏం చేశాడు? కాస్త వివరంగా చెప్పండి, లింకు పడేసి పోవద్దు ప్లీజ్.

సుడిగుండం:
ఆయన్ని ఆ ఒక్క రిపోర్టుతో గుర్తుపెట్టుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను ఇంజిన్ల చప్పుడు మీద పనిచేస్తాను, మా సబ్జెక్టు మొదలైందే ఆయన 1952 పేపర్‌తో.

పుట్టింది 1924లో, పారిస్‌లో, కానీ ఇంగ్లిష్ వాళ్ళే. వించెస్టర్ స్కూల్లో ఫ్రీమన్ డైసన్ (తర్వాత పేరుమోసిన భౌతిక శాస్త్రవేత్త) తోటివాడు, ఇద్దరికీ పదిహేనేళ్ళకే కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీ స్కాలర్‌షిప్ వచ్చింది. యుద్ధం రోజుల్లో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో వేశారు. ధ్వనిని మించిన వేగంలో రెక్క చుట్టూ గాలి ఎలా పోతుందో లెక్కలు కట్టడం పని. అప్పుడు పట్టుకున్న ఫ్లూయిడ్ డైనమిక్స్‌ని, అంటే గాలీ నీళ్ళూ ఎలా ప్రవహిస్తాయన్న శాస్త్రాన్ని, ఇక వదల్లేదు. 1946లో మాంచెస్టర్, 1950కల్లా, అంటే 26 ఏళ్ళకి, అక్కడే ప్రొఫెసర్.

జెట్ విమానాలు వచ్చిన కొత్త, చెవులు చిల్లులు పడే మోత. ఇంజిన్‌లో ఏ రేకూ అదరకపోయినా మోత వస్తుంది, ఎందుకంటే వెనకనుంచి దూసుకొచ్చే గాలి బయటి గాలితో కలిసేచోట లేచే సుడులే చప్పుడు పుట్టిస్తాయి. ఆ సుడుల సమీకరణాలు సాధించడం ఎవరి తరమూ కాదు. ఈయన సాధించే జోలికే పోలేదు! ఎడమవైపు మామూలు తరంగ సమీకరణం మిగిలేట్టు పదాలు సర్ది, మిగతా గొడవంతా కుడివైపుకి నెట్టి, అదే చప్పుడుకి మూలం అనుకోమన్నాడు. అప్పటికి ఉజ్జాయింపు అనేదే లేదు, ఉన్న సమీకరణాన్నే తిప్పి రాయడం. అక్కడినుంచి అంచనాలు కడితే తేలిందేమిటంటే చప్పుడు శక్తి జెట్ వేగానికి 8వ ఘాతంగా పెరుగుతుంది. మిగతావన్నీ అలాగే ఉంచి వేగం సగం చేస్తే 256వ వంతు, అంటే 24 డెసిబెల్స్ తగ్గుదల. కొంచెం గాలిని వేగంగా తోసే బదులు ఎక్కువ గాలిని నెమ్మదిగా తోయడం మేలు. ఇప్పటి ఇంజిన్ల మూతి అంత పెద్దది కావడానికి ముఖ్య కారణం ఇంధనం ఆదానే అనుకోండి, మోత తగ్గడం మాత్రం ఈ లెక్క చలవే.

రెడ్_సిగ్నల్:
ట్రాఫిక్ సంగతి మర్చిపోయారే! హైవే మీద పావుగంట నత్తలా పాకుతాం, ముందు యాక్సిడెంట్ ఏదో అయ్యుంటుంది అనుకుంటాం, తీరా చూస్తే ఏమీ ఉండదు, రోడ్డు ఖాళీ. 1955లో ఈయనా, జెరాల్డ్ విథమ్ అనే ఆయనా కలిసి దీనికి గణితం రాశారు. కార్లు మధ్యలో పుట్టవు, మాయం కావు, రద్దీ పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది, ఈ రెండు మాటలే పెట్టుబడి. ఎవడో ఒకడు బ్రేకు నొక్కితే ఆ దెబ్బ అలలా వెనక్కి పాకుతూ పోతుంది, నొక్కినవాడు ఎప్పుడో వెళ్ళిపోయినా అల మాత్రం మనకోసం ఎదురొస్తుంది. తమాషా ఏంటంటే అది రెండో భాగం, మొదటి భాగం పొడవాటి నదుల్లో వరద ఎలా కదులుతుందన్నది. రెంటికీ ఒకే సిద్ధాంతం.

అర_మార్కు:
ఇది నిజంగా తెలీదు, థాంక్సండీ ఇద్దరికీ. మరి ఏఐ గొడవలోకి ఎలా వచ్చాడు?

మొండి_ప్రశ్న:
బయటివాడు కాబట్టే. అప్పటికి కేంబ్రిడ్జ్‌లో లుకేసియన్ ప్రొఫెసర్ (ఒకప్పుడు న్యూటన్ చేసిన గణిత పదవి), డిరాక్ తర్వాత, హాకింగ్‌కి ముందు. అంతకుముందు 1959 నుంచి 64 దాకా ఫార్న్‌బరోలో విమాన పరిశోధన సంస్థకి డైరెక్టర్. అంటే లెక్కలూ తెలుసు, ప్రభుత్వ డబ్బు ఎలా ఖర్చవుతుందో కూడా తెలుసు. అందుకే బ్రిటన్‌లో పరిశోధనలకి ప్రభుత్వ డబ్బు పంచే సైన్స్ రీసెర్చ్ కౌన్సిల్ ఈయన్ని అడిగింది. పైన వాళ్ళు ఎంత మెచ్చుకున్నా నా ఉద్దేశంలో రిపోర్టు సగమే సరైంది. చిన్న బొమ్మ సమస్యల మీద పనిచేసే పద్ధతి అసలు సమస్య మీదకి వెళ్ళేసరికి చూడాల్సిన దారుల సంఖ్య పేలిపోతుంది అన్నాడు, అప్పటి ప్రోగ్రాములకి అది కరెక్టే. కానీ ఆటోమేషన్‌కీ మెదడు అధ్యయనానికీ మధ్య వంతెన అని చెప్పుకునే రోబోల పనంతా దండగ అని తేల్చేయడం తొందరపాటు. 1973లోనే రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో టీవీ చర్చ పెట్టారు, అవతలివైపు ఏఐ పక్షాన జాన్ మెకార్తీ, డొనాల్డ్ మిచీ, రిచర్డ్ గ్రెగరీ. వీలైతే చూడండి, ఈయన మాట్లాడే తీరే వేరు.

సుడిగుండం:
తొందరపాటు అన్నది ఒప్పుకుంటా. కానీ మొండి మనిషి కాదు. 1986లో, న్యూటన్ సూత్రాలు పాటించే వ్యవస్థలన్నిటి భవిష్యత్తూ ఎంత ముందుకైనా లెక్కకట్టొచ్చని జనాన్ని నమ్మించినందుకు మెకానిక్స్ వాళ్ళందరి తరఫునా రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాడు. కేయాస్ సిద్ధాంతం (మొదట్లో రవ్వంత తేడా ఉన్నా తర్వాత ఫలితం పూర్తిగా మారిపోవచ్చన్నది) వచ్చాక ఆ మాట తప్పని తేలింది కదా, అందుకు.

ఇంకోటి. చేపలు ఎలా ఈదుతాయో 1960లోనే పేపర్ రాసినాయన, తనూ సముద్రంలో ఈదేవాడు. ఇంగ్లిష్ ఛానెల్‌లో సార్క్ అనే దీవి చుట్టూ చాలాసార్లు ఈదాడు, ఆటుపోట్లూ ప్రవాహాలూ ఉన్న చోటది. 1998 జూలైలో అలా ఈదుతూండగానే గుండె కవాటం తెగి నీళ్ళలోనే పోయాడు, 74 ఏళ్ళకి.

అర_మార్కు:
ఇప్పుడే పాత నోట్స్ తీశా. ట్రాఫిక్ ఫ్లో చాప్టర్, "ఎల్‌డబ్ల్యూఆర్ మోడల్" అని నా చేత్తోనే రాసుకున్నా. డబ్ల్యూ విథమ్, ఆర్ రిచర్డ్స్ (ఇదే మోడల్ విడిగా రాసినాయన), ఎల్ ఈయన. పది మార్కుల ప్రశ్న, రాసొచ్చా కూడా.