చవితికి డీజే బదులు తోలుబొమ్మలాట: పెట్టించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

పొలంగట్టు
మా ఊళ్ళో ఏటా చవితి చందాల్లో సగం డీజేకే పోతుంది. ఈసారి కుర్రాళ్ళను ఎలాగో ఒప్పించాం, తోలుబొమ్మలాట పెట్టిద్దామని. చేతిలో 30 వేలు ఉన్నాయి. బృందంతో ఎలా మాట్లాడాలి, ఏమేం ఏర్పాటు చేయాలి? ఆట అయ్యాక కూడా వాళ్ళకు మనవల్ల ఏదైనా ఉపయోగం ఉంటుందా? చేసినవాళ్ళు చెప్పండి.

కేతిగాడి చుట్టం
రెండేళ్ళ క్రితం మేం పెట్టించాం. మేం చేసిన తప్పులు మీరు చేయకండి.

మొదటిది వెలుతురు. స్టేజీ బాగా కనపడాలని చుట్టూ ఫోకస్ లైట్లు పెట్టేశాం. తోలుబొమ్మకు వెనకనుంచి దీపం పడాలి, ముందంతా చీకటి ఉండాలి. అప్పుడే తోలులోంచి ఎరుపూ ఆకుపచ్చా తెర మీద మెరుస్తాయి. బృందం పెద్దాయన వచ్చి "బాబూ, ఆ లైట్లు ఆర్పితే గానీ రాముడు కనపడడు" అన్నాడు. ఎలక్ట్రీషియన్‌ను వెతికి పట్టుకునేసరికి ముప్పావుగంట పోయింది.

రెండోది సన్మానం. ఆటకు ముందు పదిమంది మైకు పట్టుకున్నారు. శాలువాలు, మెమెంటోలు, ఫొటోలు. పిల్లలు నిద్రపోయారు. పెద్దాయన శాలువా కప్పించుకుని కిందికి దిగుతూ నాతో మెల్లగా అన్నాడు: "ఇంట్లో బీరువా నిండా ఇవే సార్. వ్యాను కిరాయి మాత్రం అప్పు చేసి కట్టాను." అడ్వాన్సు ఇవ్వాలన్న ఆలోచనే మాకెవరికీ రాలేదు. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

కాబట్టి ముందే మాట్లాడుకోండి: వ్యాను కిరాయి, భోజనాలు, రాత్రి పడక. పారితోషికం వీటితో కలపకుండా విడిగా ఇవ్వండి. బేరం ఆడకండి. పాట, మద్దెల, హార్మోనియం, తాళాలు, బొమ్మలు ఆడించేవాళ్ళు, ఇంతమంది కలిస్తేనే ఒక ఆట.

పొలంగట్టు
అన్నా, లైట్ల సంగతి మాకు తట్టనే లేదు. తెల్లవార్లూ ఆడిస్తారా?

కేతిగాడి చుట్టం
ఒకప్పుడు అలాగే ఆడేవాళ్ళు. ఇప్పుడు గంటన్నరకు కుదించి అడుగుతున్నారు, వాళ్ళూ ఆడుతున్నారు. ఒక్కటి చెప్తా, కథ తగ్గించమనండి గానీ నవ్వించే బొమ్మలు కేతిగాడినీ బంగారక్కనూ మాత్రం తీసెయ్యమనకండి. మా ఊళ్ళో నిద్రపోయిన పిల్లలు లేచింది వాళ్ళ గొడవకే.

సీమపిల్ల
మాది ధర్మవరం వైపు. నిమ్మలకుంట పేరు వినే ఉంటారు, 2020లో పద్మశ్రీకి ఎంపికైన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారి ఊరు. అక్కడ ఇప్పుడు చాలా కుటుంబాలకు ఇల్లు గడిచేది తోలు ల్యాంప్‌షేడ్‌లు, గోడకు తగిలించే బొమ్మలతోనే. ఆటకు పిలుపు ఎప్పుడో గానీ రాదు. ఆట పెట్టించలేనివాళ్ళు ఒక దీపం కొన్నా మేలే. కానీ "ఇదే ఆన్‌లైన్‌లో ఇంకా తక్కువకు వస్తోంది కదా" అని మాత్రం వాళ్ళ ముఖాన అనకండి. తోలు శుభ్రం చేసి, గీసి, రంధ్రాలు పొడిచి, రంగులు వేసేదాకా అంతా చేతిపనే.

ఆడిటరమ్మ
డబ్బు సంగతి నేను చెప్తా. కళాకారుడికి నేరుగా ఇచ్చే డబ్బుకు విరాళాల మీద వచ్చే ఆదాయపన్ను మినహాయింపు (80జి అని పేరుపడింది) రాదు. ఆ మినహాయింపుకు ఆమోదం ఉన్న సంస్థకు ఇస్తేనే వస్తుంది, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. 2,000 దాటిన నగదుకు అసలు వర్తించదు కాబట్టి బ్యాంకు ద్వారానే పంపండి. నా మాట అడిగితే, 30 వేలకు పన్ను లెక్క చూసుకోవడం దండగ. నేరుగా వాళ్ళ ఖాతాలో వేసెయ్యండి.

అవతలి తీరం
నేను డల్లాస్‌లో ఉంటాను, పౌరసత్వం కూడా ఇక్కడిదే. మా ఊరి బుర్రకథ దళం ఒక ట్రస్టు పెట్టుకుంది. దానికి నేను పంపవచ్చా?

ఆడిటరమ్మ
ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉంటేనే పంపాలండీ. మీరు విదేశీ పౌరులు కాబట్టి అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. మీరు మంచి మనసుతో పంపినా చిక్కుల్లో పడేది వాళ్ళు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన పంపితే అది వేరే లెక్క.

గుమ్మెట శబ్దం
నా దగ్గర డబ్బు లేదు, ఆదివారాలు ఉన్నాయి. మా మండలంలో ఒక బుర్రకథ దళానికి ఏడాదిగా పనులు చేసిపెడుతున్నా. కళాకారుల పింఛను దరఖాస్తు నింపడం, ఆధార్‌లో తప్పుపడ్డ పేరు సరిచేయించడం, బ్యాంకుకు తోడు వెళ్ళడం, ఇలాంటివే. వినడానికి ఏమంత గొప్పగా ఉండవు గానీ వాళ్ళు అడిగినవి ఇవే.

నేను అడక్కుండా చేసిన పని ఒకటుంది. కథ మొత్తం ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెట్టేశా, ప్రచారం అవుతుందని. కథకుడు మర్నాడే ఫోన్ చేశాడు: "అంతా పెట్టేస్తే ఇంక మమ్మల్ని పిలిచేదెవరమ్మా?" వెంటనే తీసేశా. ఇప్పుడు ఆయన చెప్పిన ఐదు నిమిషాల ముక్కే పెడుతున్నా, కింద ఆయన నంబరుతో. దాన్ని చూసి రెండు పిలుపులు వచ్చాయి.

వేపచెట్టు నీడ
అందరూ తిట్టుకున్నా సరే, ఒకటి అడుగుతా. కళ బతకాలి అంటాం గానీ మన పిల్లల్లో ఒక్కణ్ణి నేర్చుకోవడానికి పంపుతామా? వాళ్ళ పిల్లలు మాత్రం చదువు మానేసి తంబుర పట్టుకోవాలా?

గుమ్మెట శబ్దం
నిజమే అన్నా. ఆ కథకుడి కొడుకు డిప్లొమా చదువుతున్నాడు. సెలవుల్లో మాత్రం వచ్చి హాస్యగాడి పాత్ర కడతాడు. "రెండూ చేస్తాను, నన్ను ఎటో ఒకవైపు లాగకండి" అంటాడు. మా ఆదివారాల్లో కొన్ని వాడి ఫీజు రీయింబర్స్‌మెంట్ కాగితాలకే పోయాయి. దాన్ని కళకు సాయం అనాలో, చదువుకు అనాలో నాకైతే తెలియదు.

పొలంగట్టు
అందరికీ థాంక్స్. నిన్న బృందంతో మాట్లాడాను. సగం అడ్వాన్సు పంపేశాం, వ్యాను మా ఊరిదే మాట్లాడాం. లైట్లు ఆర్పే పని మా తమ్ముడికి అప్పగించాను. ఇక సర్పంచ్ గారి ప్రసంగం ఒక్కటే మిగిలింది. ఆట ముగిశాక పెట్టుకుందామంటే అప్పుడు జనం ఉండరంటున్నారాయన. దీనికేదైనా ఉపాయం ఉంటే చెప్పండి.

కేతిగాడి చుట్టం
ఆ మాటేదో కేతిగాడి చేత చెప్పించమను తమ్ముడూ. పేరు ముందే అందిస్తే తెర మీద సర్పంచ్ గారిని వాడే పలకరిస్తాడు. మా దగ్గర ఎమ్మార్వో గారికి అలాగే చేశారు, ఆయన మైకు అడగనే లేదు.