మార్కుల పోర్టల్: పిల్లకి ఒక లాగిన్ చాలా, అమ్మకీ నాన్నకీ వేరువేరుగా ఇవ్వాలా?

కొర్లగుంట_కంప్యూటర్:
తిరుపతిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో కంప్యూటర్ పని చూస్తాను. దాదాపు ఆరు వందల మంది పిలకాయలు. ఇన్నాళ్ళూ మార్కులు చూసుకోవాలంటే అడ్మిషన్ నంబరు కొట్టి, పాస్‌వర్డుగా పుట్టినతేదీ కొట్టాలి. అడ్మిషన్ నంబరు మెడలో ఐడీ కార్డు మీదే ఉంటుంది. పుట్టినరోజు చాక్లెట్లు పంచిననాడే క్లాసంతటికీ తెలుస్తుంది. అంటే ఎవరి మార్కులు ఎవరైనా చూసేయొచ్చు. ఈ జూన్ నుంచి మొబైల్‌కి ఓటీపీ పెడుతున్నాం. యాజమాన్యం పిల్లకి ఒక్క నంబరే చాలంటోంది. అమ్మకొకటి, నాన్నకొకటి విడిగా ఉండాలని నా వాదన. మీ దగ్గర ఎట్లా నడుస్తోంది? ఎక్కడ బెడిసికొట్టింది?

చిత్తూరు_గుమాస్తా:
ఒకటి చాలు సామీ. రెండు పెడితే ఆఫీసులో రెండింతలు పని. జూన్‌లో నంబర్లు మార్చమని లైను కడతారు, అది పది రోజులు. ఆబ్సెంటు మెసేజ్, ఫీజు మెసేజ్, బస్సు లేటు మెసేజ్ అన్నీ ఒకే నంబరుకి పోతాయి. ఎవరికి ఫోన్ చెయ్యాలన్నా ఒకే నంబరు. రిజిస్టరులో గడి కూడా ఒకటే ఉంది.

పుత్తూరు_అమ్మ:
ఆ ఒక్క గడిలో ఎవరి నంబరు ఉంటుందో ఎప్పుడైనా చూశారా అన్నా? అడ్మిషన్ రోజు పిల్లని ఎవరు తీసుకొస్తే వాళ్ళది. మేనమామది, తాతది, ఒక్కోసారి ఆటో అతనిది. నాన్న నంబరే అనుకుందాం. ఆయన చెన్నైలోనో బెంగుళూరులోనో పనిలో ఉంటాడు. సాయంత్రం పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని మార్కులు చూడాలనుకునేది అమ్మ. ఓటీపీ ఆయన ఫోన్‌కి పోతుంది. ఆయనకి ఫోన్ చేసి, ఆయన చూసి చెప్పేలోపు దానికి కాలం చెల్లుతుంది. మళ్ళీ మొదటికి.

చిత్తూరు_గుమాస్తా:
ఓటీపీకి పది నిమిషాలు పెట్టండి. అయిపోయిందిగా.

కొర్లగుంట_కంప్యూటర్:
పది నిమిషాలు పెట్టొచ్చు, కానీ తప్పు కొట్టే అవకాశం ఐదుసార్లకి కట్టెయ్యాలి. అసలు చిక్కు అది కాదు. ఎస్ఎంఎస్ పంపాలంటే డీఎల్‌టీలో, అంటే టెలికాం కంపెనీల మెసేజ్ నమోదు వ్యవస్థలో, మన హెడర్ (పంపేవారి పేరు), టెంప్లేటు (మెసేజ్ నమూనా) రెండూ నమోదై ఉండాలి. నమోదు చేసిన వాక్యంలో ఒక చుక్క తేడా వచ్చినా ఆపరేటరు దాన్ని అక్కడే ఆపేస్తాడు. మన స్క్రీన్ మీద మాత్రం 'పంపబడింది' అని చూపిస్తుంది. తల్లిదండ్రులేమో రాలేదంటారు. అందుకే 'పంపబడింది' కాకుండా 'చేరింది' అనే రిపోర్టు తెప్పించుకుని చూడాలి.

తొట్టంబేడు_రవాణా:
కువైట్ నంబరుకి పోతుందా?

కొర్లగుంట_కంప్యూటర్:
మాకైతే పోదు, మేం తీసుకున్నది ఇండియా నంబర్ల ప్యాకేజీ. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఈమెయిల్ ఓటీపీ పెట్టాం. మన సిమ్ అక్కడ రోమింగ్‌లో ఉంచుకున్నవాళ్ళకి ఒక్కోసారి వస్తుంది, దాన్ని నమ్ముకోకూడదు.

చిత్తూరు_గుమాస్తా:
చూశారా. ఒక నంబరుకే ఇన్ని తిప్పలు. రెండైతే? అందుకే పుట్టినతేదీనే నయం అంటా. ఓటీపీ లేదు, ఎస్ఎంఎస్ ఖర్చు లేదు, ఇంట్లో ఎవరైనా చూసుకుంటారు. గొడవే లేదు.

కొర్లగుంట_కంప్యూటర్:
గొడవ లేదా? పోయిన ఏడాది దాదాపు రెండు వందల మందికి లాగిన్ కాలేదు. కారణం విను. ఆఫీసులో ఎక్సెల్ నుంచి సీఎస్‌వీగా (కామాలతో విడగొట్టిన మామూలు టెక్స్ట్‌గా) దాచిన ఫైల్లో పుట్టినతేదీలు రోజు, నెల, సంవత్సరం వరసలో ఉన్నాయి. దాన్ని ఎక్సెల్‌లో తెరిచిన కంప్యూటర్లో తేదీ అమెరికా పద్ధతిలో ఉంది, అంటే నెల ముందు. 05-08-2014 అంటే ఆగస్టు ఐదు. అది మే ఎనిమిదిగా తీసుకుంది. 17-08-2014 అనుకో, పదిహేడో నెల ఉండదు కాబట్టి దాన్ని ముట్టుకోకుండా అక్షరాలుగానే వదిలేసింది, అది సరిగ్గా పనిచేసింది. అంటే నెలలో ఒకటి నుంచి పన్నెండు లోపు పుట్టినవాళ్ళ పాస్‌వర్డులన్నీ తారుమారు. రోజూ నెలా ఒకటే అయినవాళ్ళు, మార్చి మూడు లాంటివి, మాత్రం బతికిపోయారు. లెక్కేస్తే మొత్తంలో మూడో వంతు పైనే. 'కొందరికి వస్తోంది, కొందరికి రాలేదు' అని వారం రోజులు సర్వర్‌ని తిట్టుకున్నారు అందరూ.

మొబైల్ నంబర్ల గడి ఇంకా ఘోరం. ముందు 91 కలిపి కొడితే పన్నెండంకెలు అవుతుంది. ఎక్సెల్ దాన్ని 9.19ఈ+11 అని కుదించి చూపిస్తుంది. అట్లాగే సీఎస్‌వీగా దాచి మళ్ళీ తెరిస్తే చివరి అంకెలన్నీ సున్నాలే. ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చి, పదంకెలే ఉంచి, అప్పుడు ఎక్కించాలి.

పలమనేరు_నాన్న:
ఓహ్, అదా సంగతి. మావాడు 7వ తేదీ పుట్టాడు.

చిత్తూరు_గుమాస్తా:
అది ఎక్సెల్ తప్పు. పుట్టినతేదీ తప్పు కాదు.

లెక్కల_సార్:
ఎవరు చూడాలని కొట్టుకుంటున్నారు గానీ, ఎప్పుడు చూడాలని ఒక్కరూ అడగరు. మా బడిలో ఎఫ్‌ఏ, అంటే మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్ష, మొత్తం 50. స్లిప్ టెస్టు 20, మిగతా మూడు భాగాలూ పదేసి. స్లిప్ టెస్టు పేపర్లు దిద్ది ఆ సాయంత్రమే 14 వేశాననుకోండి, మిగతా మూడూ ఇంకా ఖాళీ. పోర్టల్ ఖాళీని సున్నాగా లెక్కేసి 50కి 14, అంటే 28 శాతం అని ఎర్ర రంగులో చూపిస్తుంది. నిజానికి ఆ పిల్లకి 20కి 14 వచ్చాయి, 70 శాతం. రాత్రి తొమ్మిదికి ఫోన్లు మొదలు: 'సార్, మా పాప ఫెయిలా?' పైగా రానివాళ్ళకి ఆబ్సెంటు అని 'ఏ' కొట్టాలి. కొందరు సున్నా కొడతారు. ఆ రెండింటికీ తేడా తల్లిదండ్రులకి కనబడదు.

కొర్లగుంట_కంప్యూటర్:
దానికి మూడు మెట్లు పెట్టుకోవాలి సార్. టీచరు వేసినప్పుడు 'చిత్తు', ఇంకో టీచరు పది పేపర్లు తీసి సరిచూశాక 'సరిచూసినది', హెచ్‌ఎం నొక్కితే 'విడుదల'. విడుదల అయినవే తల్లిదండ్రులకి కనబడాలి. విడుదలయ్యాక మార్చాలంటే కారణం రాయాలి, పాత మార్కు కొట్టివేతతో నిలవాలి. ఇక శాతం లెక్క, వేసిన భాగాల మొత్తంతోనే భాగించాలి. ఖాళీకి ఖాళీయే.

పుత్తూరు_అమ్మ:
సార్, విడుదల నొక్కేదాకా ఎన్ని రోజులు? ఎస్‌ఏ, అదే టర్మ్ చివరి పెద్ద పరీక్ష, అయిన నెలకి మార్కులు చూపిస్తే దేనికి? రెండో చాప్టరులో వెనకబడిందని తెలిసేసరికి ఐదో చాప్టరులో ఉంటారు.

లెక్కల_సార్:
వంద మంది పేపర్లు, నాలుగు సెక్షన్లు, పైన ఇన్విజిలేషన్. పది పనిదినాలు పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. లైవ్‌లో మాత్రం వద్దు.

శ్రీసిటీ_షిఫ్టు:
అన్నదమ్ములిద్దరుంటే ఒక్కడివే చూపిస్తోంది మా పోర్టల్. పెద్దోడు కనబడడు.

కొర్లగుంట_కంప్యూటర్:
పిల్లని గుర్తుపట్టడానికి మొబైల్ నంబరునే ఆధారంగా వాడితే వచ్చే జబ్బు అది. రెండోవాణ్ణి ఎక్కించగానే మొదటివాడి మీద రాసేస్తుంది. తల్లిదండ్రుల పట్టిక వేరు, పిల్లల పట్టిక వేరు, మధ్యలో 'ఎవరు ఎవరికి ఏమవుతారు' అనే పట్టిక ఒకటి ఉండాలి. అప్పుడు ఒక అమ్మకి ముగ్గురు పిల్లలు, ఒక పిల్లకి అమ్మా నాన్నా అవ్వా, అన్నీ ఇముడుతాయి. రెండు లాగిన్ల అడ్డంకి కూడా అక్కడే తీరిపోతుంది. గుమాస్తా గారి రిజిస్టరులో ఒక గడే ఉందన్నది సాఫ్ట్‌వేరుకి సమస్యే కాదు.

చిత్తూరు_గుమాస్తా:
సాఫ్ట్‌వేరుకి కాకపోవచ్చు. కిటికీ దగ్గర నిలబడేది నేను. తొమ్మిదో తరగతి పిలకాయలు ఏం చేస్తారో తెలుసా? నంబరు మార్పు ఫారం ఇంటికి పంపితే వాళ్ళే నింపి, స్నేహితుడి నంబరు రాసి, సంతకం గీకి తెస్తారు. రెండు నంబర్లయితే ఒకటి ఖాయంగా పిల్లోడిదే ఉంటాది.

కొర్లగుంట_కంప్యూటర్:
ఇది మాత్రం నిజమైన మాట. అందుకే ఫారం పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఆధార్ చూపించి మనిషి వచ్చి మార్చుకోవాలి, లేదా పాత నంబరుకి పంపిన కోడ్ చెప్పాలి. మార్చాక పాత, కొత్త నంబర్లు రెండింటికీ మెసేజ్ పోవాలి, 24 గంటల దాకా కొత్త నంబరుకి మార్కులు తెరవకూడదు. ఇంకోటి, రీచార్జి చెయ్యక రద్దయిన నంబరు 90 రోజుల తర్వాత కంపెనీ ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. ఆ కొత్త మనిషికి మన పిల్ల ఓటీపీ పోతుంది. ఏటా జూన్‌లో ఒకసారి నంబర్లన్నీ సరిచూడకపోతే ఓటీపీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

పుత్తూరు_అమ్మ:
గుమాస్తా గారూ, ఒక్క మాట అడుగుతా. ఫీజు బాకీ ఉంటే మీ పోర్టల్ తెరుచుకుంటుందా?

చిత్తూరు_గుమాస్తా:
దానికీ దీనికీ ఏం సంబంధం?

పుత్తూరు_అమ్మ:
సంబంధం ఉంది కాబట్టే అడిగా. మా పిల్ల బడిలో రెండో టర్మ్ ఫీజు లేటయిందని లాగిన్ మూసేశారు. హాజరు కూడా కనబడలేదు. పిల్ల బడికి చేరిందో లేదో తెలుసుకోవడానికి కూడా ఫీజు రసీదు కావాలా?

చిత్తూరు_గుమాస్తా:
బాకీ పెట్టుకుని ఇక్కడకొచ్చి నీతులు చెప్పడం సులువమ్మా. జీతాలు గాల్లోంచి వస్తాయా? ఫీజు కట్టేవాళ్ళ నంబరే లాగిన్‌కి ఇస్తాం. అదే పద్ధతి. కట్టేదొకరు, పోర్టల్ చూసి 'టీచరు సరిగ్గా చెప్పట్లేదు' అని కంప్లయింటు పెట్టేది ఇంకొకరు. ఆ గొడవ మాకెందుకు? విడిపోయినవాళ్ళు ఉంటారు. తండ్రి ఫీజు కడుతూ 'ఆమెకి చూపించొద్దు' అంటాడు. ఆయన మాట వినకపోతే పిల్లని వేరే బడిలో వేస్తాడు. రెండు లాగిన్లు పెడితే వాళ్ళ పోట్లాట మా కిటికీ దగ్గరికొస్తాది. అందుకే ఒకటి అంటున్నా మొదట్నుంచీ.

పలమనేరు_నాన్న:
ఇప్పుడు బయటికొచ్చింది అసలు విషయం.

లెక్కల_సార్:
అంటే ఇంతసేపూ ఓటీపీ నిమిషాల గురించి వాదించింది దీనికోసమా సామీ?

చిత్తూరు_వకీలు:
కొందరు 'తండ్రే సంరక్షకుడు' అంటారు, దానికి ఆధారంగా చూపేది 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత చట్టం సెక్షన్ 6. తండ్రి, అతని తర్వాత తల్లి అని అందులో ఉంది. ఆ 'తర్వాత' అంటే తండ్రి చనిపోయాక అనే అర్థం ఒక్కటే కాదని, తండ్రి పట్టించుకోని సందర్భాల్లోనూ తల్లి సంరక్షకురాలేనని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా అది ఆస్తి, నిర్ణయాల సంగతి. మార్కులు చూడడానికి అంత దూరం పోనక్కరలేదు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 24(1)(ఇ) చూడండి. హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి గురించి తల్లిదండ్రులకీ సంరక్షకులకీ క్రమంగా చెప్పడం టీచరు విధుల్లో ఒకటి. అందులో 'ఫీజు కట్టినవారికి' అన్న మాట లేదు. ఆ చట్టం ఎనిమిదో తరగతి దాకానే, తొమ్మిది పదికి ఇంకో పద్ధతి పెట్టుకుంటామంటే అది మీ ఇష్టం.

ఇక విడిపోయినవాళ్ళ సంగతి. పిల్లని ఒకరి దగ్గర ఉంచమని కోర్టు చెప్పినంత మాత్రాన రెండోవాళ్ళు తల్లో తండ్రో కాకుండా పోరు. ఎవరికైనా ఆపాలంటే ఆర్డరు కాపీ తెచ్చి ఇవ్వమనండి, అందులో ఏముందో చదివి అంతవరకే ఆపండి. ఫోన్‌లో చెప్పారనో, ఫీజు వాళ్ళే కడుతున్నారనో ఆపకండి.

కొర్లగుంట_కంప్యూటర్:
వకీలు గారి మాటకి ఒకటి చేరుస్తా. లాగిన్లు రెండైతే ఒకరి వివరాలు ఇంకొకరికి కనబడకూడదు. చాలా పోర్టల్స్‌లో ప్రొఫైల్ పేజీలో ఇంటి అడ్రసు, బస్సు స్టాపు, రెండో మనిషి నంబరు అన్నీ ఒకేచోట ఉంటాయి. కొట్టే భర్త నుంచి పారిపోయి వచ్చిన తల్లి కొత్త అడ్రసు అతనికి అక్కడే దొరుకుతుంది. తల్లిదండ్రుల పేజీలో మార్కులు, హాజరు, టీచరు రాసిన మాట, ఇంతే ఉంచాలి. లాగిన్ ఒకటే అయితే ఎవరు ఎప్పుడు చూశారో రికార్డులో తేలదు కూడా. పాస్‌వర్డు ఎవరిచ్చారని రేపు ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

పుత్తూరు_అమ్మ:
ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు తల్లి ఖాతాలో పడుతుంది, దానికి తల్లి ఆధార్ కావాలి, బ్యాంకు పుస్తకం కావాలి. మార్కులు చూడ్డానికి మాత్రం తల్లి నంబరు పట్టే గడి లేదట.

చిత్తూరు_గుమాస్తా:
సరే, ఇస్తాం అనుకోండి. బాకీలు మీరొచ్చి వసూలు చేస్తారా? ఏప్రిల్‌లో పోర్టల్ మూస్తేనే కదా కడుతున్నారు.

లెక్కల_సార్:
మూసేస్తే వాళ్ళు రాత్రి నాకు ఫోన్ చేసి అడుగుతున్నారు. నేను చెప్పేస్తున్నాను. మీ తాళం ఎందుకు మరి?

చిత్తూరు_గుమాస్తా:
మీరు చెప్పకూడదు సార్. అది ఆఫీసు పని.

లెక్కల_సార్:
దిద్దింది నేను.

కొర్లగుంట_కంప్యూటర్:
మాది చెప్తా. సాఫ్ట్‌వేరులో 'బాకీ ఉంటే లాగిన్ ఆపు' అనే టిక్కు ముందే పెట్టి ఇచ్చాడు కంపెనీవాడు. అది మొత్తం లాగిన్‌కే. దాన్ని తీసేసి, ఫీజు పేజీలో మాత్రం బాకీ ఎర్రగా కనబడేట్టు మార్చా. మార్కులకీ హాజరుకీ అడ్డు లేదు. రెండు లాగిన్ల సంగతి యాజమాన్యం ఇంకా తేల్చలేదు, సోమవారం మీటింగు. ఫారం మాత్రం తయారు చేశా: పిల్ల అడ్మిషన్ నంబరు, అమ్మ పేరు, నంబరు, నాన్న పేరు, నంబరు, ఇద్దరూ కాకపోతే సంరక్షకుడు ఎవరు, ఏమవుతారు, ఎవరికైనా ఆపాలంటే కోర్టు ఆర్డరు తేదీ. కింద 'ఆఫీసులో చూసి తీసుకున్నవారు' అని మన సంతకం. మొదటిసారి లాగిన్‌కి ఓటీపీతో పాటు అడ్మిషన్ నంబరు కూడా కొట్టాలి.

శ్రీసిటీ_షిఫ్టు:
ఆ పట్టికల సంగతి మా బడివాళ్ళకి ఎట్లా చెప్పాలి సార్? పెద్దోడు ఇంకా కనబడట్లేదు.

కొర్లగుంట_కంప్యూటర్:
ఇద్దరి అడ్మిషన్ నంబర్లూ రాసి, 'ఒకే తండ్రి కింద ఇద్దర్నీ కలపండి, చిన్నోణ్ణి తీసెయ్యకండి' అని రాతపూర్వకంగా ఇవ్వు. తీసేసి మళ్ళీ ఎక్కిస్తే పాత మార్కులు పోతాయి.

చిత్తూరు_గుమాస్తా:
ఆ ఫారం ఇక్కడ పెట్టండి. చూసేదానికే అడుగుతున్నా.