సీక్రెట్ ఐడెంటిటీ: గుట్టా, దాపరికమా?

స్పైడర్‌మ్యాన్ కామిక్స్ మీద ఒక వ్యాసం రాస్తున్నాను. సీక్రెట్ ఐడెంటిటీ (సూపర్‌హీరో తానెవరో బయటపడకుండా దాచుకోవడం) అన్నచోటల్లా ‘రహస్య గుర్తింపు’ అని పెట్టాను. చదువుతుంటే ఆధార్ కార్డు గుర్తొస్తోంది! మారువేషం, అజ్ఞాతవాసం, గుట్టు... వీటిలో ఏది నప్పుతుందంటారు?

— అజ్ఞాతవాసం అనండి. విరాటపర్వం తెలియని తెలుగువాళ్ళెవరు? వంటవాడు వలలుడు, లోపల భీముడు. ఇంతకన్నా సూపర్‌హీరో ఎక్కడ దొరుకుతాడు?

— పోలిక సరదాగా ఉంది కానీ ఒప్పుకోలేనండీ. విరాటుడి కొలువులో ఎవరికీ తెలియకపోయినా, ఆ ఆరుగురికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసు. కీచకుడు వెంటపడితే ద్రౌపది రాత్రికి రాత్రి వెళ్ళి భీముడితో చెప్పుకుంది. స్పైడర్‌మ్యాన్ ముసుగు వెనకున్న పీటర్ పార్కర్‌కి ఆ వీలేదీ? 1962లో కథ మొదలైనప్పటి నుంచీ అతను దాచేది ముందుగా తనను పెంచిన మే పెద్దమ్మ దగ్గరే (తండ్రి అన్నగారి భార్య కాబట్టి పెద్దమ్మే, ఆంటీ కాదు).

అందుకే నా ఓటు ‘దాపరికం’కి. ముక్కూమొహం తెలియనివాడికి మన సంగతి చెప్పకపోతే దాన్ని దాపరికం అనం. తెలుసుకునే హక్కున్న మనిషికి చెప్పకపోతేనే ఆ మాట వస్తుంది. “నా దగ్గర కూడా దాపరికమా?” అన్న నిష్ఠూరం అందులోనే ఉంది.

పీటర్ ప్రేమించిన గ్వెన్ స్టేసీ కథ చూడండి. 1970 నాటి సంచికలో స్పైడర్‌మ్యాన్, విలన్ డాక్టర్ ఆక్టోపస్ కొట్టుకుంటుంటే పైనుంచి శిథిలాలు పడ్డాయి. కింద ఉన్న పిల్లవాణ్ణి కాపాడబోయి గ్వెన్ తండ్రి కెప్టెన్ స్టేసీ చనిపోయాడు. పోతూ పోతూ ‘పీటర్’ అని పిలిచి కూతుర్ని అప్పగించాడు, అంటే ఆయనకి ముందే తెలుసన్నమాట. గ్వెన్ మాత్రం స్పైడర్‌మ్యానే చంపాడనుకుంది. పీటర్ ఆమెను ఓదార్చాలి, ఆ తిట్లు తనకే తగులుతున్నా నోరు మెదపకూడదు. దీన్ని మారువేషం అంటే ఏం సరిపోతుంది? వేషం ఒంటిమీదే కదా ఉండేది.

— మీరు గుట్టుని మరీ తేలిక చేస్తున్నారు. ఇంటిగుట్టు లంకకు చేటు అన్నారు ఊరికేనా? విలన్ నార్మన్ ఆస్బర్న్‌కి పీటర్ ఎవరో తెలియబట్టే కదా 1973లో గ్వెన్‌ని ఎత్తుకుపోయింది, ఆ పిల్ల ప్రాణం పోయింది! పీటర్ భయపడ్డదే జరిగింది.

— నిజమే, కాదనను. కానీ ఒక్కటి గమనించండి. స్నేహితుడి తండ్రి, పైగా పగవాడు, వాడికి తెలిసింది. ప్రేమించిన పిల్లకి తెలియలేదు. గుట్టు రట్టయ్యాక కూడా దాపరికం అలాగే ఉండిపోయింది. రెండు మాటలూ కావాలి మీ వ్యాసానికి. విలన్లతో గొడవ వచ్చేచోట గుట్టు వాడండి, ఇంటి సంగతులు వచ్చేచోట దాపరికం వాడండి. శీర్షికలో సీక్రెట్ ఐడెంటిటీ అనే ఉంచేయండి, అందరికీ తెలిసిందే.

— బాగుందండీ, అలాగే చేస్తాను. మరి బ్యాట్‌మ్యాన్ సంగతో? అక్కడ ఇంటి పనులు చూసే ఆల్‌ఫ్రెడ్‌కి తెలుసు, తోడుగా పోరాడే రాబిన్‌కి తెలుసు.

— అక్కడైతే అచ్చంగా ఇంటిగుట్టే!